గత్తర అన్నా, మరిన్ అన్నా

రిటైర్మెంటుకు ముందు ఏడు నన్ను తనకల్లు మండలంలో ఒక పల్లె పశువైద్యశాలకు వేసినారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అంటే కోడిపిల్ల నుంచి ఎనుము దాకా నేనే దిక్కు. ఆ ఏడు జొన్న మోకాలెత్తు రాకముందే మాడిపోతే రైతులు కోసేసినారు. ఆలస్యంగా ఒక వాన పడి, కొయ్యకాళ్ల నుంచి పిలకలు లేచినాయి. ఊరి చుట్టూ పచ్చగా కనిపించింది అదొక్కటే.

ఒక పొద్దున గొర్రెల కాపరి నరసింహప్ప ఫోన్ చేసి, "సార్, మందకు గత్తర తగులుకునింది, పడిపోతాండాయి" అన్నాడు. నేను వచ్చేదాకా కదిలించొద్దని చెప్పి బయల్దేరినాను.

గత్తర అంటే మందను ఊడ్చేసే రోగం, ఏదైనా సరే. ఇంగ్లీషులోనూ అట్లాంటి మాట ఒకటి ఉండేది, మరిన్ అని. ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు. లాటిన్‌లో చావడమనే మాటకు పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిందని కాలేజీలో మా ప్రొఫెసర్ చెప్పినాడు. దొమ్మయినా, గాలికుంటయినా, పశువులు వరసగా చస్తే మరినే. కారణం తెలియక చావునే రోగం పేరు చేసుకున్నారు. మరిన్ వస్తే ఇంగ్లీషోళ్లు పశువులను మంటల నడుమ తోలేవాళ్లట. గత్తర వస్తే మనోళ్లు మందను పొలిమేర దాటిస్తారు. నవ్వేదానికేముంది?

నేను పోయేలోగా ఊరి పెద్దమనుషులు ఆ పనే చేసినారు. పొలిమేర దారి జొన్న చేన్లోనే పోతుంది. ఆకలిగొన్న గొర్రె ఊరుకుంటుందా? చచ్చినదాన్ని కోసి చూస్తే నెత్తురు కుంకుమ మాదిరి ఎర్రగా ఉంది, పొట్ట నిండా పిలకలు. పొద్దున మొదట పడినవీ ఇవే మేసినాయి. ఎండి మళ్లీ చిగిర్చిన జొన్నలో సైనైడ్ ఉంటుంది. కాపరులు దాన్ని నాము అంటారు, వాళ్లకు తెలియనిది కాదు. కానీ ఒకసారి గత్తర అనుకున్నాక, ఏం మేసినాయని ఎవరూ అడగలేదు.

ఆ విషానికి విరుగుడు తయోసల్ఫేట్ సూదులు వేసుకుంటూ పరిగెత్తినాను. కొన్ని లేచినాయి. చాలా మటుకు కాళ్లు కొట్టుకుంటూ కళ్ల ముందరే పోయినాయి. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చినాయి నాకు. "ఏమప్పా, కదిలించొద్దంటి కదా!" అని నరసింహప్ప మీద అరిచినాను.

మిగిలిన వాటిని ఆ చేను దాపులకు పోనీయొద్దని చెప్పినాను. ఆయన నాలుగు దిక్కులా చూసినాడు. అంతా ఎర్రమట్టి, రాళ్లు.

"సరే సార్, మేపను. ఇంగేం మేపాల?"

వారం తిరక్కముందే బతికిన గొర్రెలన్నిటినీ ఆయన కసాయోళ్లకు తోలేసినాడు.

రోగమేదో కనుక్కోవడం వైద్యంలో సగమే. కరువు నేలలో మేత చూపించలేని డాక్టరు మందను బతికించలేడు.