ప్యాసేజీలో లేని మాట

కోర్టు గోడ పక్కన రేకుల షెడ్డులో కూర్చుని అర్జీలు టైపు చేసే మనిషిని అందరూ టైపు బాబాయి అనేవాళ్లు. ఇరవై రెండేళ్ల అనుభవం ఆయనది. వచ్చినవాళ్లు సగం చెప్పి కళ్లు తుడుచుకుంటే మిగతా సగం ఆయనే పూరించేవాడు. "మీకు తెలియనిదేముంది బాబాయ్, రాసెయ్యండి" అనేవాళ్లు. ఆయన రాసేసేవాడు. ఆ వాక్యాలనే నల్లకోటు వాళ్లు లోపలికి పట్టుకెళ్లి, తమ బుర్రలోంచి ఊడిపడ్డట్టు గొంతెత్తి చదివేవాళ్లు. బయట కిటికీ దగ్గర నిలబడి వింటుంటే బాబాయికి కడుపు మండిపోయేది. ఒక్కసారైనా తన వాక్యం తనే లోపల నిలబడి చదవాలన్నది ఆయన కోరిక.

సాయంకాలపు లా కాలేజీలో నలభై అయిదు దాటితే సీటివ్వరు. బాబాయికి నలభై నాలుగున్నర. ఎంట్రెన్సు రెండుసార్లు రాసి రెండుసార్లూ బోర్లా పడ్డాడు. ఇక మిగిలింది ఒక్కసారే. చట్టం ప్రశ్నలకు ఢోకా లేదు, లెక్కలూ ఎలాగో గట్టెక్కేవి. ప్యాసేజీ చదివి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమన్న దగ్గరే కొంప మునిగేది. పొద్దస్తమానం కాగితాలతో బతికే మనిషికి చదవడం రాదంటే జనం నవ్విపోరూ?

ఆయన అక్క కూతురు అదే కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. ఆదివారాలు వచ్చి మేనమామకు పాఠం చెప్పేది. మొదటి రోజు ప్యాసేజీలో, వంతెన కట్టిన మరుసటి వారమే ఒక పడవవాడు తన పడవ అమ్మేశాడని ఉంది. దీన్నిబట్టి ఏం చెప్పగలం అని ప్రశ్న. "బేరాలు పోయి అమ్ముకున్నాడు" అన్న జవాబుకు బాబాయి చటుక్కున టిక్కు పెట్టాడు.

"ఆ మాట ఎక్కడుంది మావయ్యా? వేలు పెట్టి చూపించు."

వేలు పేజీ అంతా తిరిగి ఉత్తినే వెనక్కి వచ్చింది.

"ఉండక్కర్లేదే. ఇంకెందుకు అమ్ముతాడు?"

"ఏమో. ఇంకా పెద్ద పడవ కొందామనుకున్నాడేమో. వంతెన వచ్చాక ఆ పడవ అతనిది కాదు. మనకు తెలిసింది అంతే, జవాబూ అదే."

"అదీ ఒక జవాబేనా? చప్పగా ఉంది."

"సరైన జవాబు చప్పగానే ఉంటుంది. నీకు బాగా నచ్చినదాన్నే ముందు అనుమానించు. 'అందరూ', 'ఎప్పుడూ' అని గొప్పలు పోయేదాన్ని కొట్టెయ్. లోకంలో నిజమే అయినా ప్యాసేజీలో లేకపోతే అదీ కొట్టెయ్."

ఆ చివరి మాట ఆయనకు మింగుడుపడలేదు. అయినా పంటి బిగువున నేర్చుకున్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి, వేలు పెట్టి చూసుకోనిదే టిక్కు పెట్టేవాడు కాదు. పదికి తొమ్మిది వస్తుంటే మేనకోడలు మురిసిపోయేది.

అసలు పరీక్షలో ఆఖరి ప్యాసేజీ అద్దెకుండే ఒకావిడ గురించి. ఇల్లు ఖాళీ చేస్తానని కాగితం మీద సంతకం పెట్టింది. ఇరవై రోజులకు, వెళ్లనంటూ కోర్టుకెక్కింది. ఆవిడ ఎందుకు సంతకం పెట్టింది అని ప్రశ్న. 'సి' దగ్గర, అందులో ఏం రాసి ఉందో తెలియక అని ఉంది. 'డి' దగ్గర, ప్యాసేజీని బట్టి చెప్పలేం అని ఉంది.

జవాబు 'డి' అని బాబాయికి తెలుసు. మూడుసార్లు వేలు పెట్టి వెతికాడు, కారణం ఎక్కడా లేదు. కానీ పెన్ను ముందుకు కదల్లేదు. అలాంటి కాగితాలు తన చేత్తో ఎన్ని కొట్టాడో. ఇంటి ఓనరు చెబుతుంటే టైపు చేసి, కాగితం అద్దెకున్న ఆడమనిషి వైపు తిప్పి, "ఇక్కడ పెట్టమ్మా" అని వేలితో చోటు చూపించింది తనే. ఇందులో ఏముందని వాళ్లు అడగలేదు, తను చదివి వినిపించనూ లేదు. 'డి' నింపితే ఆ సంగతి తనకేమీ తెలియదని రాసిచ్చినట్టే అనిపించింది. గంట మోగేలోపు 'సి' నింపేశాడు. పెన్నుతో నింపింది చెరగదు.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. ఒక్క మార్కుతో సీటు పోయింది.

"తెలిసి తెలిసి 'సి' ఎందుకు పెట్టావు మావయ్యా?" అని అడిగింది మేనకోడలు.

"ఆవిడ నా బల్ల ముందే కూర్చుంది తల్లీ."

"ప్యాసేజీలో ఆ మాట లేదు కదా."

"లేదు" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు షెడ్డులోకి ఒక ముసలావిడ వచ్చి బెంచీ మీద కూలబడింది. "ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు బాబాయ్. కాగితం మీద సంతకం పెట్టేశాను."

బాబాయి మిషన్లోకి కాగితం ఎక్కించాడు. "ఎందుకు పెట్టారమ్మా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మీకు తెలియనిదేముంది. రాసెయ్యండి."

ఇదివరకైతే ఈపాటికి అరపేజీ అయిపోయేది. నాలుగు నెలల పాఠం వేళ్లకు పట్టేసింది. ఆవిడ చెప్పలేదు, చెప్పనిది రాయడం ఇప్పుడు ఆయనకు చేతకావడం లేదు.

"మీరే చెప్పండమ్మా" అన్నాడు బతిమాలుతున్నట్టు.

ఇద్దరూ ఖాళీ కాగితం వైపు చూస్తూ కూర్చున్నారు.