మలాజ్‌లో కట్టిన ఖుర్తుబా

మా ఆయన ఏసీ మెకానిక్కు కాబట్టి ఇంట్లో థర్మాకోల్‌కు ఎప్పుడూ కరువు లేదు. రియాద్‌లో ఖుర్తుబా అని ఒక పేట ఉంది. అక్కడి విల్లాలకు రిపేర్లకు పోతుండేవాడు. అరబ్బులు అదే పేరుతో పిలిచే పాత నగరం స్పెయిన్‌లో ఉందని మా అమ్మాయి స్కూల్లో విని వచ్చింది. ఎగ్జిబిషన్‌కు దాన్నే చేస్తానని, మలాజ్ పేటలో మా రెండు గదుల ఇంట్లో భోజనాల బల్లను ఆక్రమించింది. మహారాణి నగరం కడుతుంటే మేము నేల మీద కూర్చుని తిన్నాం.

ముందు రోమన్ల వంతెన. ఆ తర్వాత మసీదు. పాత కట్టడాల నుంచి తెచ్చిన స్తంభాలు పొట్టివైతే ఆర్చి మీద ఆర్చి కట్టారట. ఆర్చీలకని కాగితం కప్పులు కోసి, నా గోళ్లరంగుతో వాటికి ఎర్రచారలు వేసింది. రంగు తగిలిన థర్మాకోల్ స్తంభం ఒకటి కరిగి కూలింది. "పాతది గదమ్మా, ఒగటి పడిపోయినా ఏం కాదులే," అని తనే సర్దిచెప్పుకుంది. తర్వాత రాజ్యం మారి, మసీదు నడుమ చర్చి లేపారట. మినార్‌కు గంటలు కట్టారట.

"మళ్ల ఆడ ఉండినోళ్లంతా యాడికి పోయినారు నాయనా?" అని అడిగింది.

ఆయన ముద్ద కలుపుకున్నాడు. సౌదీవాళ్లకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ వచ్చాక కంపెనీ అప్పటికే జీతం కోసింది. ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులా పెళ్లాంపిల్లల మీద తలకింతని సర్కారు లెవీ. అది ముందే కట్టకపోతే అక్కడ ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు రెన్యువల్ కావు. అంత డబ్బు లేక, పిల్లా నేనూ కడపకు తిరిగిపోవాల్సి వచ్చింది. గడువేమో ఎగ్జిబిషన్ కన్నా ముందే పడింది.

"ఆ ఒక్క దినం అయినాక పోదాం నాయనా. దాని పక్కన నిలబడి నేనే చెప్తా," అని పిల్ల ఏడ్చింది. ఆయన తన వీసాకు పూచీ ఉన్న కఫీల్‌ను బతిమాలాడు. కఫీల్ మంచివాడే, కానీ అతని చేతుల్లోనూ ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

ఫ్రిజ్ పోయింది, మంచాలు పోయాయి. బల్ల కొన్నవాళ్లు వచ్చినప్పుడు తల్లీకూతుళ్లం నగరాన్ని చెరోవైపు ఎత్తి పట్టుకుంటే, కింది నుంచి బల్ల లాక్కుపోయారు.

చర్చి ఇంకా పెట్టకుండానే ఖుర్తుబాను పైఅంతస్తు హైదరాబాదావిడకు అప్పగించాం. వాళ్లమ్మాయిదీ అదే తరగతి. "పేరు మాత్రం మా పిల్లదే రాయించు," అన్నాను. "నువ్వు ఫికర్ చేయకక్కా, నేనున్న కదా," అంది. ఆయన్ని ఒక్కణ్నే వదిలి విమానమెక్కుతూ ఏడ్చినంత నేను అత్తారింటికి పోయేటప్పుడూ ఏడవలేదు.

కడప చేరాక ఫోటో వచ్చింది. ఖుర్తుబా పక్కన వాళ్లమ్మాయి నవ్వుతూ నిలబడింది. అట్ట మీద పేరూ ఆ పిల్లదే. స్కూల్లో లేనివాళ్ల పేరు రాయనివ్వలేదని కింద మెసేజ్. మసీదు నడుమ బంగారు కాగితం చుట్టిన కొత్త చర్చి.

"చూసినావా, నీ ఆర్చీలు పీకి మరీ పెట్టింది!" అన్నాను.

అమ్మాయి ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. "పెట్టాల్సిందే గదమ్మా. తర్వాత ఉండేటోళ్లే గద కట్టేది," అంది.

ఫోన్ నా చేతికిచ్చి, ఆ ఫోటో నాయనకు మాత్రం పంపొద్దని చెప్పింది.