అందరికీ ఇరవైకి ఇరవై

సంతోషపడటం ఎప్పుడు మానేశారో లెక్కల మాస్టారికే గుర్తులేదు. అందుకే కంప్యూటర్లో పెట్టిన మొదటి మిడ్‌టర్మ్ పరీక్షలో, బీజగణితం ఓనమాలు కూడా సరిగ్గా రాని తరగతికి ఇరవైకి ఇరవై వచ్చినా ఆయన కనుబొమ్మ కదల్లేదు.

"ఏం మంత్రం వేశారండీ మాస్టారూ!" అంటూ హెడ్మిస్ట్రెస్ పొంగిపోయింది. "ఎప్పుడూ నోరు విప్పని మన మౌనముని ఒక్కదానికే పదకొండు. రేపట్నుంచి ఆ పిల్లని కింది సెక్షన్‌కి పంపేద్దాం."

మాస్టారు ఆ నోరులేని పిల్లని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "ఇక్కడ ఏమైందమ్మా?"

"తప్పు రాశాను సార్. వెంటనే కంప్యూటరే సరైన జవాబు చూపించి, మళ్ళీ రాయమంది."

"మరి రాయలేదేం?"

"చూసి రాస్తే కాపీ కాదా సార్?"

ఆయన సెట్టింగులు తెరిచి చూశారు. ప్రాక్టీసు కోసం పెట్టిన ఆ సదుపాయాన్ని పరీక్షకు ముందు ఆపేయడం మరిచింది తానే. కనీసం సిగ్గయినా వేస్తుందేమోనని కాసేపు ఆగారు. పళ్ళ డాక్టరు మత్తుసూది వేసిన దవడలా, లోపల ఏమీ తెలియలేదు.

వరండాలో హెడ్మిస్ట్రెస్ కుర్చీ ఎక్కి మార్కుల కాగితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చుతోంది. మాస్టారు కుర్చీ కదలకుండా పట్టుకున్నారు.

"దిగండి మేడం. తప్పు నాదే. అందరూ జవాబు చూసి రాశారు. సొంతంగా రాసింది ఆ పిల్లొక్కతే. దాన్ని ఎక్కడికీ పంపొద్దు."

"ఇప్పుడా చెప్పేది? నాలుగు సూదులూ గుచ్చేశాక!"

ఆవిడ దిగింది. మాస్టారు కుర్చీ ఎక్కి, ఒక్కో గుండుసూదీ పీకడం మొదలుపెట్టారు.