కోటిపల్లి నీళ్ళు తాగిన వ్యాను

పల్లంరాజు తాతకు తెలియని ఇంజను లోకంలో లేదు. ఆ సంగతి పాపం ఇంజన్లకే తెలియదు. రామచంద్రపురం శివారు పొలంలో ముప్ఫై ఏళ్ళు ఒక ఆయిలింజను నడిపాడు. తాత చెయ్యి పడితే అది ఆగిపోయేది, పాలేరు ఒక్క తన్ను తంతే నడిచేది. అయినా ఊళ్ళో ఎవరి మోటారు మూలిగినా తాత పంచె ఎగ్గట్టి హాజరు. పిలవకపోయినా సరే.

అలాంటి మనిషి తొంభై ఏడులో పుంత దారి పక్క పొలం చెక్క అమ్మి, కడియం నర్సరీ మొక్కలు మోసి మోసి అరిగిపోయిన పాత వ్యాను కొన్నాడు. దాన్ని ఇల్లుగా మార్చాడు. కిరసనాయిలు స్టవ్వు, మంచినీళ్ళ డ్రమ్ము, బియ్యం డబ్బా, కిటికీలకు మామ్మ పాత చీర తెరలు. నడుమ మంచం, కదలకుండా కోళ్ళకు బోల్టులు.

మంచం తాత ఇల్లాలు బంగారమ్మ మామ్మకోసం. తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆవిడ కూర్చోలేదు, పడుకునే ఉండాలి. పుట్టిల్లు కోటిపల్లి. అవతలి ఒడ్డు ఆనని గోదారిని చూస్తూ పెరిగిన మనిషి, అది పుట్టేచోటు చూడాలని కోరిక పెట్టుకుంది. అది నాసిక్ అవతల.

"అక్కడ ఒక్క అంగలో దాటెయ్యొచ్చంట కదండీ?" అంది.

"నిన్నెత్తుకుని దాటిస్తాను."

"మీరా! బిందె ఎత్తితేనే నడుం పట్టేస్తుంది మీకు."

డాక్టరు మాత్రం నవ్వలేదు. ఎముక గుల్లబారుతోంది, వెళ్తే ఈ ఏడే వెళ్ళండి, పై ఏటికి మంచం కూడా కదపకూడదు అన్నాడు.

శ్రావణంలో బయల్దేరారు. గోదారికి కొత్తనీరు వచ్చి ఎర్రగా పొర్లుతున్న రోజులు. తాత కోటిపల్లి రేవు నుంచి రెండు క్యాన్ల నీళ్ళు తెప్పించి, పసుపు కుంకుమ చల్లి, ఒక క్యాను రేడియేటర్లో పోయబోయాడు. డ్రైవరు లోవరాజు అడ్డుపడ్డాడు.

"బోరింగు నీళ్ళు పోద్దామండి. ఇవి బురదండి బాబూ."

"గోదారమ్మ పుట్టింటికి వెళ్తూ బోరింగు నీళ్ళేంట్రా? ఆవిడే లాక్కుపోతుంది మనల్ని."

"ఆయ్," అన్నాడు లోవరాజు. ఇంకేమనగలడు?

గోదారమ్మ లాక్కుపోయింది, రాజమండ్రి వంతెన దాకా. వంతెన నడుమ బానెట్టులోంచి పొగలు లేచాయి. కొవ్వూరు ఒడ్డున ఆపి తాత రెండో క్యాను కూడా పోశాడు. బండి నాలుగు గజాలు నడిచి, చిట్టియ్య మెకానిక్ షెడ్డు ముందు పడకేసింది.

చిట్టియ్య మూత తీసి, వేలు ముంచి చూశాడు. వేలికి ఎర్ర బురద అంటింది.

"ఏం పోశారండీ ఇందులో?"

"గోదారి."

"చేపలు కూడా ఉన్నాయాండీ?"

తాతకు కోపం వచ్చింది. చిట్టియ్య వదల్లేదు. "మనం తాగడానికైతే ఇండుపగింజ అరగదీసి, తేరుకున్నాకే తాగుతాం కదండీ. బండికి బురద పట్టారేంటండీ? గొట్టాలన్నీ ఒండ్రుతో పూడిపోయాయి. మొత్తం విప్పి కడగాలి. మూడు రోజులు ఉండిపోండి."

"గడప దాటిన ప్రయాణం ఆగకూడదయ్యా. ఫలించదు."

వ్యాను లోంచి మామ్మ పిలిచింది. "మూడు రోజులే కదండీ, ఉందాం. నాకేం, ఎక్కడున్నా పడుకోడమే."

"ఇంజన్ల సంగతి నీకేం తెలుసు?" అన్నాడు తాత.

మూడు రోజులు. ముప్ఫై ఏళ్ళ ఆయిలింజను విద్య ఆ మూడు రోజులు ఆగలేకపోయింది. బండి చల్లారగానే మళ్ళీ నీళ్ళు పోసి బయల్దేరదీశాడు.

దేవరపల్లి దగ్గర ఆగారు. గోపాలపురం దగ్గర ఆగారు. ఆగిన చోటల్లా తాత కాలవ నీళ్ళో చేలో నీళ్ళో తెచ్చి పోస్తూనే ఉన్నాడు. ఎండ ఎక్కేకొద్దీ లోపల మంచం పెనంలా కాలింది. మామ్మ తెర కొంగుతో విసురుకుంటూ, అడిగినప్పుడల్లా "బానే ఉన్నానండి" అంది. జంగారెడ్డిగూడెం దాటాక, పామాయిల్ తోటల మధ్య ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్లో ఠప్పుమని చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

లోవరాజు ఆయిలు మట్టం చూసే గేజీ పుల్ల లాగి చూశాడు. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది.

"ఇంజను హెడ్డు పగిలి ఆయిల్లో నీళ్ళు కలిసిపోయాయండి. ఇంక ఇది ఇంజను కాదండి, పాతినుము."

తాత తనూ ఆ పుల్ల తీసుకుని చూశాడు. తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. మూడోసారి ముంచబోతుంటే లోవరాజే మెల్లగా చేతిలోంచి తీసుకున్నాడు. ఇంకో ఇంజను కొనాలంటే అమ్మడానికి ఇంకో పొలం చెక్క లేదు. ఇంకో ఏడాదికి డాక్టరు ఒప్పుకోడు.

పొద్దు వాలుతుండగా, మొక్కలు దింపి కడియం తిరిగొస్తున్న ఖాళీ లారీ ఒకటి ఆగి, మోకు కట్టి వ్యానును వచ్చిన దారినే లాగడం మొదలెట్టింది. లోవరాజు స్టీరింగు పట్టుకున్నాడు. తాత వెనక మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఏదో చెప్పబోయాడు.

"పై ఏడు వెళ్దాం అనకండి," అంది మామ్మ, కప్పు కేసి చూస్తూనే.

"అనను."

"అంటే ఇల్లు చేరేదాకా ఏడుస్తాను. ఇంత కుదుపులో ఏడిస్తే తుంటి నొప్పి."

తాత తెర కొంగు అందుకుని ఆవిడకు విసరసాగాడు.

"గోతులొస్తున్నాయి. మంచం పట్టుకోండి," అంది మామ్మ.

తాత మంచం పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాడు. కొవ్వూరు దాకా వదల్లేదు.