అగ్నికోట గుమ్మంలో కాలరక్క

కాలరక్క కూర్చుని భోజనం చేయగా చూసినవాళ్లు లేరు. పళ్లెం చేత్తో పట్టుకుని వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూ నాలుగు ముద్దలు మింగేస్తుంది. నిద్రలో కూడా ఆమె కుడికాలు కుట్టుమిషను తొక్కుతూనే ఉంటుందని తమ్ముడు వెక్కిరిస్తాడు. చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె కాలర్లు కుడుతుంది, ఆ పేరు అలా వచ్చిందే. ఎన్నేళ్లుగానో అదే పని. కాలరు కుట్టి పక్క బల్లకు తోసేస్తే చేతులు ఒకరు అతుకుతారు, గుండీలు ఇంకొకరు. పూర్తయిన చొక్కా చూడాలంటే ఆమె కూడా అందరిలాగే షాపు అద్దం ముందు నిలబడాల్సిందే.

అసలు ఆమెకు ఏదీ చివరిదాకా దక్కలేదు. నాన్న పోవడంతో చదువు మధ్యలో ఆగింది. కాపురం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. తమ్ముణ్ణి పెంచడం ఒక్కటే పూర్తిచేసింది. వాడికి మీసాలొచ్చినా, అది పూర్తయిందంటే మాత్రం ఆమె ఒప్పుకోదు.

ఆ తమ్ముడు బజారులో వీడియోగేముల షాపులో మెకానిక్కు. ఒక సాయంత్రం అతనికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, మూలనున్న మిషను ముందు ఆగిపోయింది. తెర మీద కత్తి పట్టుకున్న పిల్ల ఒకతె ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. గోతులు దూకుతోంది, దయ్యాలను నరుకుతోంది. దయ్యం చచ్చినచోట రాలిన బంగారం ఏరుకుని, గుహల్లో దుకాణాలు పెట్టుకున్న ముసలివాళ్ల దగ్గర మంచి కత్తీ గట్టి డాలూ కొనుక్కుంటోంది. నడిచేకొద్దీ రాటుదేలుతోంది. పైన మూల ఒక ఇసుక గడియారం కారిపోతూ ఉంటుంది. అది ఖాళీ అయినప్పుడల్లా పిల్ల ప్రాణంలో ఒక ముక్క ఎగిరిపోతుంది. కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు.

"దీని బతుకూ నా బతుకులాగే ఉందిరా," అంది కాలరక్క.

ఇక చూసుకోండి. ఫ్యాక్టరీ వదలగానే కాళ్లు ఇంటివైపు కాకుండా అటే లాగేవి. కాలేజీ కుర్రాళ్ల మధ్య దూరి, పెద్ద సంచీ భుజానే ఉంచుకుని, స్టిక్కు పట్టుకుని ఆడేది. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత పక్కకు జరిగి చోటిచ్చారు. కొత్తలో నాలుగడుగులకే చచ్చేది. పోనుపోను ఆఖరి మజిలీ అయిన అగ్నికోట దాకా వెళ్లింది. అక్కడ మంటలు కక్కే మహాసర్పం ఒకటి తలుపుకు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాన్ని చంపితే తలుపు తెరుచుకుంటుంది. లోపల ఏముందో షాపులో ఎవరూ చూడలేదు. ఆ సర్పం ప్రతిసారీ ఆమెను మాడ్చి మసి చేసేది. ఇంట్లో గిన్నెలు తోముతూ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. ఒక్కసారి ఆ తలుపు దాటితే చాలు, ఒక్కటంటే ఒక్కటి కొసదాకా చేసినట్టవుతుందన్న ఆశ ఆమెలో పాతుకుపోయింది.

అలాంటిది, షాపు ఎత్తేస్తున్నారు. మిషన్లన్నీ పాతసామాన్లవాడికి అమ్మేశారనీ, మధ్యాహ్నం వ్యాను వస్తుందనీ పొద్దున్నే తమ్ముడు చెప్పాడు. కాలరక్క ఫ్యాక్టరీకి డుమ్మా కొట్టి షాపుకు పరుగెత్తింది.

ఆ రోజు చెయ్యి ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. దారిలో తగిలిన ఒకటీ అరా దెబ్బలు ఆ తొందరలో పట్టించుకోనే లేదు. కోటలోకి వచ్చి సర్పాన్ని దెబ్బ మీద దెబ్బ కొట్టింది. సర్పం మంట కక్కింది. పిల్లకు నిలువునా తగిలింది. ప్రాణం తగ్గలేదు. కళ్లు పొరబడ్డాయనుకుంది. సర్పం తోకతో కొట్టింది. అప్పుడూ తగ్గలేదు. కాలరక్క స్టిక్కు మీద నుంచి చేతులు తీసేసింది. సర్పం కొడుతూనే ఉంది, పిల్ల చెక్కుచెదరకుండా నిలబడే ఉంది.

"ఏం చేశావురా దీన్ని?"

తమ్ముడు మిషను వెనకవైపు చూపించాడు. "లోపల ఒక స్విచ్చుంటుందక్కా. రిపేరు చేసి పరీక్షించడానికి వాడతాం. అది వేస్తే పిల్ల చావదు. ఇవాళే ఆఖరు కదా, నువ్వు ఆ తలుపు దాటాలని..."

"మరి నిన్న?"

"నీ మీదొట్టు. నిన్నటిదాకా అంతా నీ ఆటే."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని మించి కోపమొచ్చింది. సర్పానికి మిగిలింది కొనప్రాణం. వెనకే తలుపు. చెయ్యి దానంతటదే మళ్లీ స్టిక్కు మీదికి పోయింది. చూడాలని మనసు పీకుతోంది, అది నిజం.

"కొట్టక్కా. ఇంకొక్క దెబ్బ."

"ఇప్పుడు కొడితే ఆ తలుపు దాటేది నువ్వురా, నేను కాదు. ఆ స్విచ్చు తీసెయ్."

"తీస్తే ఆట మొదటికొస్తుంది. వ్యాను వాకిట్లో ఉందక్కా."

"నా చావు నన్ను చావనివ్వరా బాబూ!"

తమ్ముడు మిషను వెనక్కి వెళ్లి స్విచ్చు తీశాడు. తెర ఆరి వెలిగింది. హమాలీలు మిగతా మిషన్లు ఒక్కొక్కటే మోసుకుపోతుంటే, ఆమె మొదటి అడుగు నుంచి మొదలుపెట్టింది. తొందరపడి దూకింది. కోట కాదు కదా, రెండో గుహ అయినా రాకముందే గోతిలో పడి చచ్చింది.

మళ్లీ ఆడతావా అని అడుగుతూ తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. తమ్ముడు గబగబా జేబులోంచి నాణెం తీశాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వెయ్యనీ అక్కా!"

"వద్దు. ఆ పడింది నేనేరా," అంది. "చూశావా, నేనే పడ్డాను."

అంకెలు అయిపోయాయి. హమాలీలు తాడు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. కాలరక్క తమ్ముడి చెయ్యి వదలకుండానే పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చింది.