పైకి చూసిన పళ్ళెం

మా ముత్తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకు వచ్చి, చాతం రంపపు మిల్లుకు దుంగలు లాగే నాలుగు ఏనుగులకు యజమాని అయ్యారు. మా తాతగారు అదే మిల్లుకు కలప కాంట్రాక్టరు. ఆయన తన పడౌక్ కర్ర కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు నిలబడి వినేవారట. ఆయన ఎక్కి గొడుగు ముడిచేదాకా బాంబూఫ్లాట్ ఫెర్రీ కదిలేది కాదని మా మామ్మ చెప్పేది. (ఈ మాట ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.) ఒక ఉత్తరం తెరవడానికి కంప్యూటరు ముందు టీ చల్లారేదాకా కూర్చున్న ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. అప్పటికి ఏనుగులూ లేవు, కాంట్రాక్టూ లేదు. చౌల్దారీలోని వరిపొలం సునామీతో ఉప్పునీటి పాలైంది. మిగిలినవి డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక డాబా ఇల్లు, ఆ కుర్చీ, వంగడం రాని నా వెన్నెముక. భూకంపాలకు భయపడి అందరం శిబిరంలో తలదాచుకున్నప్పుడు, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడడం ఇష్టంలేక మామ్మ రెండు పూటలు పస్తు ఉంది, నన్నూ ఉంచింది. (ఆ ఆకలి ఇప్పటికీ గుర్తుంది. గౌరవం సంగతి అంతగా గుర్తులేదు.)

సునామీ తర్వాత కొన్నాళ్ళకు, బతకాలి కనుక, ముందుగదిలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాను. దానికోసం డాబా మీద డిష్ బిగించినవాడు ఫెర్రీ దాటి అవతల బాంబూఫ్లాట్‌లో ఉండే మన తెలుగు కుర్రాడే. అందరినీ భయ్యా అంటాడని మేమూ వాణ్ణి భయ్యా అనేవాళ్ళం. దాన్ని దాదాపు వెల్లకిలా పడుకోబెట్టి, వాననీళ్ళు నిలవకుండా అడుగున చిన్న చిల్లు కూడా పెట్టి వెళ్ళాడు. మామ్మ కిందనుంచి చాలాసేపు చూసి, "ఏటిరా అది, ఇంటి నెత్తిమీద ముష్టిపళ్ళెం ఎట్టినట్టు?" అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. నేను ఒకసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ప్రతి డాబా మీదా డిష్షులు పెద్దమనుషుల్లా నిటారుగా నిలబడి ఉండడం కళ్ళారా చూశాను. మాది మాత్రం నోరు తెరుచుకుని ఆకాశాన్ని అడుక్కుంటోంది.

ఒకరోజు ఉదయం పానా తీసుకుని పైకెక్కి, దాన్ని నిలబెట్టి, పడమరకు తిప్పాను. ఇంటర్నెట్ వచ్చేది మెయిన్‌ల్యాండ్ నుంచి, మెయిన్‌ల్యాండ్ ఉన్నది పడమర. మర్యాదకు మర్యాద, వేగానికి వేగం అనుకున్నాను. కిందికి దిగేసరికి ఇంటర్నెట్ లేదు. మా చెల్లెలికి మెయిన్‌ల్యాండ్‌లో నర్సింగు సీటు వచ్చింది, ఆ సాయంత్రం అయిదు లోపల కంప్యూటరులో ఒప్పుకోకపోతే అది ఇంకొకరికి పోతుంది. నేను తీగలు పీకి పెట్టాను, మోడెమ్ పెట్టె తుడిచాను, దానితో వచ్చిన పుస్తకం మొదటినుంచి చివరికీ చివరినుంచి మొదటికీ చదివాను, మామ్మ ఇస్త్రీపెట్టెను అనుమానించాను. డిష్‌ను మాత్రం అనుమానించలేదు. ఇంట్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే అని నా నమ్మకం. చెల్లెలు గడియారం వైపు చూస్తూ కూర్చుంది. నాలుగు దాటాక భయ్యాకు ఫోన్ చేశాను.

"డిష్ ఎటు చూస్తంది భయ్యా?" అన్నాడు.

"మెయిన్‌ల్యాండ్ వైపు."

"ఎవులు తిప్పినారు? సేటిలైట్ మన నెత్తిమీదే ఉంది. వైజాగ్‌లో వంగి సూడాల, ఇక్కడ సీదా ఊపర్ సూడాల."

"నువ్వే వచ్చి పెట్టు."

"ఫెర్రీ తాడు ఇప్పేస్తన్నారు. నేను రేవుకెళ్ళేసరికి ఉండదు."

"ఆపమని చెప్పు."

"ఎవరి పేరు సెప్పమంటావు భయ్యా?"

ఫోన్ పెట్టేశాను. పానా పట్టుకుని పైకి పరుగెత్తాను. తొందరలో ఊడదీసిన నట్టు దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. బిగించే దారి లేక డిష్‌ను రెండు చేతులతో ఎత్తి ఆకాశం వైపు పట్టుకున్నాను. వాన మొదలైంది. కిటికీలోంచి చెల్లెలు "వచ్చింది... పోయింది... అలాగే, అలాగే ఉండన్నయ్యా" అని అరుస్తోంది. వీధిలో గొడుగులు ఆగాయి. పక్కింటి దీదీ తలెత్తి, "ఏం బాబూ, పైవాడు ఏమన్నా వడ్డించాడా?" అంది. చిల్లులోంచి కారే నీళ్ళు నా చొక్కా చేతిలోకి వెళ్ళిపోతున్నాయి. శిబిరంలో పళ్ళెం పట్టని మనవడు డైరీ ఫార్మ్ అంతా చూస్తుండగా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మామ్మ మెట్లెక్కి వచ్చింది. దించెయ్యమంటుందనుకున్నాను. ఆవిడ గొడుగు నా నెత్తిమీద పట్టబోయి, డిష్‌కు అడ్డమొస్తుందేమోనని ముడిచేసి, తనూ తడుస్తూ నిలబడింది.

"దించకురా. పిల్ల పనయ్యేదాకా పట్టు."

అయిదుకు పది నిమిషాలుండగా కింద చెల్లెలు ఏడుపు వినబడింది. అయిపోయిందనుకున్నాను. అయింది, సీటు ఖాయమైంది.

ఇప్పుడు సముద్రం అడుగునుంచి తీగ వచ్చింది, డిష్‌తో పని లేదు. డాబా ఎక్కినప్పుడల్లా ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలుచుకుంటాను. నడుము నిటారుగా, చేతులు పైకి చాచి, ఏం జరుగుతోందో అర్థం కాని ముఖంతో నిలబడి ఉంటాడు. వాణ్ణి చూసి నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. సీటు వచ్చిన ఆ నెలలోనే చెల్లెలి ఓడ టికెట్టుకూ మొదటి ఫీజుకూ తాతగారి పడౌక్ కుర్చీ అమ్మేశాం.