సీడీకి పెట్టిన బొట్టు

ఆ పోటీ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే రోజులు. పాకాల నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చిపోయేదాన్ని. కాలేజీలో కంప్యూటర్ భద్రత మీద పోటీ పెట్టారు. వీడియో ఫైలులో ఎక్కడో ఒక మాట దాచి ఉంటుంది. దాన్ని ముందుగా కనిపెట్టినవాళ్ళను మద్రాసులో జరిగే పెద్ద పోటీకి కాలేజీయే పంపుతుంది.

"కాలేజోళ్ళు పంపిస్తే పో. ఒక్కదాన్నే అయితే పంపించేది లేదు" అన్నాడు నాయన. మద్రాసు వెళ్ళడానికి నాకున్న దారి అదొక్కటే.

వీడియో ఏమిటంటారా? మా కాలేజీ వార్షికోత్సవం. ఛైర్మన్‌గారికి శాలువా కప్పడం, ఛైర్మన్‌గారు నవ్వడం, మళ్ళీ ఇంకో శాలువా. చూస్తుంటేనే వెగటు పుట్టింది.

పోటీకి ముందు పూజ. పోటీ నడిపే లెక్చరర్ ఆ వీడియో ఉన్న సీడీని వినాయకుడి పటం ముందు పెట్టి, కొత్త బండికి పెట్టినట్టు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. అదీ మెరిసే వైపున. తర్వాత దాన్నే డ్రైవులో పెట్టి ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ కాపీ చేయించాడు.

ఫైలులోని డేటాను అంకెల్లో చూపించే సాఫ్ట్‌వేరుతో తెరిచాను. వీడియో అయిపోయాక కూడా ఫైలు మిగిలే ఉంది. కానీ అంతా సున్నాలే. పనిగట్టుకుని సున్నాలు దాచే మనిషి ఎవడుంటాడు? నేను తల పట్టుకుని కూర్చోగానే ముందు వరసలో ఒకడు లేచి జవాబు చెప్పేశాడు. లెక్చరర్‌గారి బామ్మర్ది కొడుకు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను వెళ్ళి సీడీ తీసి చూశాను. బొట్టు ఎండి, అంచు దగ్గర అట్టకట్టింది. ఫైలు చివరి భాగం ఉండేది సరిగ్గా అక్కడే. చదవలేని చోటల్లా కాపీ సాఫ్ట్‌వేరు సున్నాలు నింపుకుంటూ పోయింది. చున్నీ అంచు తడిపి సీడీ తుడిచాను. మళ్ళీ డ్రైవులో పెట్టి చూస్తే వీడియో చివర ఇంకో చిన్న ఫైలు అతికించి ఉంది. అందులో ఉన్నది ఆ అబ్బాయి చెప్పిన మాటే.

"సార్, మా కంప్యూటర్లలో ఉండే ఫైల్లో ఈ మాటే లేదు. ఆ పిల్లోడికి యాడ దొరికింది?"

ఆయన స్క్రీను వైపు చూడనే లేదు. నా చున్నీ వైపు చూశాడు.

"దేవుడి బొట్టు తుడిసేసినావా? బుద్ధుండాదా పాపా నీకు?"

అంతే, చప్పట్లు కొట్టినవాళ్ళంతా నా మీద పడ్డారు. తప్పు, అపచారం, లెంపలేసుకో. స్క్రీను చూసినవాడు ఒక్కడూ లేడు.

నేను ఆ అబ్బాయి వైపు తిరిగాను. "కాణిపాకం పోదాం రా. కోనేట్లో మునిగి, నువ్వే కనుక్కున్నావని స్వామి ముందర ప్రమాణం చెయ్." మా వైపు ఎంత పెద్ద తగాదా అయినా ఆ ప్రమాణంతో తేలిపోతుంది. అబద్ధమాడేవాడు ఆ గుడి మెట్లెక్కడానికే జంకుతాడు.

వాడు తల దించుకున్నాడు. మాట్లాడింది లెక్చరర్.

"ఇంత సిన్నదానికి దేవుణ్ణి లాగొద్దు పాపా."

మద్రాసుకు వాడే వెళ్ళాడు.

ఆ సాయంత్రం ప్యాసింజర్‌లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ చున్నీకి అంటిన కుంకుమ చూసి ఆప్యాయంగా అడిగింది, "గుడికి పోయొస్తా ఉండావా పాపా?"

లేచి వెళ్ళి, బోగీలోని కుళాయి కింద ఆ మరకను రుద్ది రుద్ది కడిగాను.